తెడ్డు ఈరమ్మ, మూడు పేటల తాడు

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. వినకపోవడం మీ తప్పు కాదు, నాదే. మీరు పెరుగుతున్న ఈ ఊళ్ళో కొండ లేదు, ఈల వేసే గాలి లేదు, పెరట్లో తైలాల పొయ్యి లేదు. కాబట్టి నాకు గుర్తు రావడం ఆలస్యమైంది. మా అమ్మమ్మ చెప్పినట్టే చెప్తాను. నా మాట కలపను. ఎక్కడైనా మర్చిపోతే మర్చిపోయానని చెప్తాను. ఇంకొకటి, కథలో నూనె కాగుతుంది. అది కథలో నూనె. మీరు పొయ్యి దగ్గరికి పోకూడదు. సరేనా? కళ్ళు మూసుకుని వినండి. మధ్యలో నిద్ర వస్తే నిద్రపోండి. ఇది నిద్రపోయినా తప్పులేని కథ.

కొండలు ఒకదాన్నొకటి పేరు పెట్టి పిలుచుకునే రోజుల్లో, గాలి మనుషుల గడపల్లో కూర్చుని వెళ్ళే రోజుల్లో, ఈలకొండ అని ఒక ఊరు ఉండేది.

ఊరి వెనక కొండ. కొండ నెత్తిన ఒక బెజ్జం. మనిషి వంగి దూరేంత బెజ్జం. ఆషాఢం వచ్చిందంటే పడమటి గాలి ఆ బెజ్జంలో దూరి ఈల వేసేది. ఊ... ఊ... ఊ... మూడుసార్లు ఊది, ఒకసారి ఊపిరి పీల్చుకునేది. మళ్ళీ ఊ... ఊ... ఊ... ఆ నెల రోజులూ ఊళ్ళో దండేల మీద గుడ్డలు నిలిచేవి కావు. పొయ్యిలో మంట నిలిచేది కాదు. మనుషుల నోట్లో మాట నిలిచేది కాదు. ఊరకే కొట్లాడుకునేవాళ్ళు. ఊరకే ఏడ్చేవాళ్ళు. శ్రావణం రాగానే, మనం ఎందుకు కొట్లాడుకున్నామబ్బా అని ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు.

ఆ ఊళ్ళో రుద్రప్ప అని ఒక వైద్యుడు. ఆయన పెరట్లో తైలాల పొయ్యి. పొయ్యి పక్కన ఒక ముసలామె. ఆమె పేరు ఈరమ్మ. ఆమె చేసేది ఒకటే పని, తెడ్డు పట్టుకుని తైలం తిప్పడం. అందుకని అందరూ తెడ్డు ఈరమ్మ అనేవాళ్ళు. ఎప్పుడు వచ్చిందో ఎవరికీ గుర్తు లేదు. "నీది ఏ ఊరే ఈరమ్మా?" అని అడిగితే తెడ్డు ఎత్తి పడమటికి చూపించేది. పడమట కొండ తప్ప ఏమీ లేదు. అందుకని ఆమె గాలితో పాటు వచ్చిందని అనుకునేవాళ్ళు.

తైలం ఎట్లా కాస్తారో చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. నువ్వుల నూనెలో ఆవుపాలు పోస్తారు. చిరుబెండ వేళ్ళ కషాయం పోస్తారు. అవే వేళ్ళు మెత్తగా నూరి ముద్ద కలుపుతారు. సన్న మంట మీద పెట్టి తిప్పుతారు. పాలల్లో ఉన్న నీళ్ళు, కషాయంలో ఉన్న నీళ్ళు అన్నీ ఇగిరిపోవాలి. వేరులో ఉన్న బలమంతా నూనెకు రావాలి. దానికి మూడు రోజులు పడుతుంది. అయిందో లేదో ఎట్లా తెలుస్తుంది? గుడ్డ పేలికను ఒత్తి చేసి, నూనెలో ముంచి, అంటిస్తారు. చిటపటమంటే లోపల ఇంకా నీళ్ళున్నట్టు. చప్పుడు లేకుండా వెలిగితే తైలం అయినట్టు. రుద్రప్పకు వయసుతో వినికిడి తగ్గింది. అందుకని తిప్పే పనీ ఈరమ్మదే, వినే పనీ ఈరమ్మదే. పేరు మాత్రం రుద్రప్ప తైలం. ఆమె దాని గురించి ఎప్పుడూ అనుకోలేదట. అనుకుందేమో మరి, అమ్మమ్మ చెప్పలేదు.

అదే ఊళ్ళో సంజమ్మ అని ఒక ఆమె. ఆమె, ఆమె మొగుడు కదిరప్ప, ఇద్దరూ తాళ్ళు పేనేవాళ్ళు. జనుపనార నానబెట్టి, చీరి, అరచేతుల మధ్య నలిపి తాడు పేనితే, సంజమ్మ తాడు ఎద్దు లాగినా తెగదని పేరు. వాళ్ళకు ఒక్కతే కూతురు. అయిదేళ్ళ పిల్ల. పేరు నీలి. వసపిట్ట. ఊళ్ళో ఎవరింట్లో ఏం కూరో నీలికి తెలియందా?

ఒక ఆషాఢం మొదట్లో, మిట్టమధ్యాహ్నం, నీలి బావిలో పడింది.

భయపడకండి. తీశారు. అటుగా మేకలు తోలుకుపోతున్న ఒక అవ్వ చూసి, గబగబా మెట్లు దిగి, జుట్టు పట్టుకుని పైకి లాగింది. నీలి రెండు గుక్కలు నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచింది. బతికింది. కానీ ఆ రోజు నుంచి మాట్లాడలేదు.

"నువ్వు యాడ ఉంటివి?" అని అందరూ సంజమ్మను అడిగారు.

"నార మోపు తేవడానికి పోయింటి" అంది సంజమ్మ.

అందరూ నమ్మారు. నమ్మకపోవడానికి ఏముంది?

ఆ రోజు నుంచి సంజమ్మ కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముందు వేళ్ళు. తర్వాత మణికట్టు. తర్వాత మోచెయ్యి దాకా. గుండె దడదడమనేది. అన్నం సయించేది కాదు. కన్ను మూతపడేది కాదు. మూతపడబోతే ఉలిక్కిపడి, "నీలీ!" అని కేక పెట్టేది. చివరికి ఏం చేసిందంటే, తన పాత చీర చింపి, మూడు పేటలుగా పేని, ఒక తాడు చేసింది. ఒక కొస తన నడుముకు, ఒక కొస నీలి నడుముకు. కూర్చుంటే కూర్చోవాలి, లేస్తే లేవాలి. సంజమ్మ తాడు గదా, తెగేది కాదు.

పిల్ల పాలిపోయింది. తన ఈడు పిల్లలు వీధిలో ఆడుకుంటుంటే గడపలో నిలబడి చూసేది. అడుగు ముందుకు వేస్తే తాడు బిగిసేది. వెనక్కి వచ్చేది.

ఊళ్ళో వాళ్ళు, ఇది గాలి చేసిన పని అన్నారు. కదిరప్ప ఇంకో పదిమందిని పిలుచుకుని కొండెక్కాడు. బండలు దొర్లించి బెజ్జం మూసేశాడు. "ఇంక ఎట్లా ఊదుతుందో చూద్దాం" అన్నాడు. గాలి వచ్చింది. బెజ్జం చూసింది. మూసి ఉంది. బండల మధ్య సందుల్లో దూరింది. అప్పటిదాకా ఒక నోటితో ఊదింది, ఆ రోజు నుంచి మూడు నోళ్ళతో ఊదింది. ఊ... ఈ... ఓ... ఊరంతా చెవులు మూసుకుంది. కదిరప్ప మళ్ళీ కొండెక్కి, తాను పెట్టిన బండలు తానే తీసి, తలవంచుకుని దిగి వచ్చాడు.

అప్పుడు రుద్రప్ప దగ్గరికి తీసుకుపోయారు. రుద్రప్ప సంజమ్మ చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. నాడి పాము పాకినట్టు వంకర్లు తిరుగుతూ ఉంది.

"వాతం దారి తప్పింది" అన్నాడు. "ఒంట్లో ఊపిరిని ఆడించేది గాలే. చేతిని కదిలించేది గాలే. మనసును పరిగెత్తించేది గాలే. దాని దారిలో అది నడిస్తే మనిషి మాట్లాడతాడు, పని చేస్తాడు, నిద్రపోతాడు. భయంతోనో దుఃఖంతోనో దారి తప్పిందా, నరాల్లో పడి గిరగిరా తిరుగుతుంది. గాలి పొడిగా ఉంటుంది, చల్లగా ఉంటుంది, నిలకడ లేకుండా ఉంటుంది. నూనె జిడ్డుగా ఉంటుంది, వెచ్చగా ఉంటుంది, నిదానంగా ఉంటుంది. అందుకని నూనే మందు."

మంచి మాటే. మూడుసార్లు తైలం పట్టించారు. మూడుసార్లూ సంజమ్మ ఎడమ చేతిలో తాడు వదల్లేదు. రాస్తుండగానే లేచి కూర్చుని, నీలి ఉందా అని చూసేది. మూడుసార్లూ వణుకు అట్లనే ఉంది.

అంతలో కదిరప్ప అక్క హనుమక్క పక్క ఊరి నుంచి బండి కట్టుకుని వచ్చింది. గడపలో అడుగు పెట్టకముందే తాడు చూసింది.

"ఏందే ఇది? నా తమ్ముని బిడ్డను మేకపిల్లను కట్టినట్టు కట్టినావు? రేపు గడ్డి కూడా వేస్తావా?"

"వదినా, బావిలో పడిన బిడ్డ వదినా."

"పడింది, లేచింది. ఇప్పుడు నువ్వు పడినావు బావిలో. పడినదానివి ఒక్కదానివే పడకుండా బిడ్డను కూడా లాగుతాన్నావు." హనుమక్క చెడ్డది కాదు. నీలి పాలిపోయిన మొహం చూడలేకపోయింది. "అమావాస్య నాలుగు రోజులుంది. అమావాస్యకు నీ చెయ్యి నిలవకపోతే, ఈ తాడు విప్పకపోతే, బిడ్డను మా ఊరికి తోలుకుపోతా. నేను సాకుతా. తమ్ముడూ, నువ్వేమంటావు?"

కదిరప్ప నేల చూశాడు. అంటే సరేనన్నట్టే.

సంజమ్మ పరిగెత్తుకుంటూ రుద్రప్ప పెరట్లోకి వచ్చింది. వెనక తాడుతో పాటు నీలి. "అయ్యా, ఏదైనా చెయ్యి. నా బిడ్డను తీసుకుపోతారంట."

రుద్రప్ప పాపం మంచివాడు. "నా దగ్గర ఇంతకంటే ఏమీ లేదు సంజమ్మా" అన్నాడు.

అప్పుడు పొయ్యి దగ్గర నుంచి ఒక గొంతు వినపడింది. రోగుల ముందు ఎప్పుడూ నోరు విప్పని గొంతు.

"అయ్యా, ఈ మారు తెడ్డు ఆమె చేతికిద్దామా?"

రుద్రప్పకు నవ్వొచ్చింది. "వణికే చేతికి తెడ్డా? తైలమంతా ఒలికిపోతుంది గదే."

"ఒలికితే నేల తాగుతుంది. నేలకు మాత్రం వాతం ఉండదా?" అంది ఈరమ్మ. "అయ్యా, బెజ్జం మూస్తే గాలి ఇంకో దారి చూసుకునె గదా. గాలిని పట్టుకునేదానికి దానికి ఒళ్ళు లేదు. కూర్చోడానికి చోటు చూపించాల. అంతే."

ఇక మూడు రోజులు చెప్తాను. మా పిన్ని ఏడు రోజులు అనేది. అమ్మమ్మ మూడే అనేది. నేను మూడే చెప్తాను.

మొదటి రోజు. ఈరమ్మ పొయ్యి చుట్టూ బూడిదతో ఒక గీత గీసింది. "నీలమ్మా, ఈ గీత నీది కాదు, నాది. దాటితే నాకు కోపం" అంది. నీలి తల ఊపింది. తాడు గీత దాకా వచ్చి ఆగింది. ఈరమ్మ సంజమ్మ చేతికి తెడ్డు ఇచ్చింది. రెండు చేతులా పట్టుకుంటే తప్ప తిరగనంత పెద్ద తెడ్డు. సంజమ్మ ఎడమ చేతిలో తాడు వదలాల్సి వచ్చింది. నడుముకు ఉంది గదా అని వదిలింది.

"తిప్పు తల్లీ తిప్పు" అంది ఈరమ్మ. "ఆపితే అడుగంటుతుంది. తొందరపడితే మాడుతుంది. తిప్పు తల్లీ తిప్పు."

సంజమ్మ తిప్పింది. చెయ్యి వణికింది. నూనె ఒలికింది. నేల తాగింది. తిప్పుతూ తిప్పుతూ, ఎవరూ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది. "నేను నార తేవడానికి పోయింటి. వచ్చేసరికి పిల్ల లేదు."

ఈరమ్మ గిన్నెలోకి వంగి చూసింది.

దీపాలు పెట్టే వేళ అయింది. "ఒత్తికి గుడ్డ లేదే. ఆ తాడులో ఒక పేట ఇస్తావా?" అంది ఈరమ్మ.

సంజమ్మ తాడును రొమ్ముకు హత్తుకుంది. "ఇంకో గుడ్డ తెస్తా."

"ఇంకో గుడ్డ గంజి పెట్టింది. గంజి గుడ్డ ఊరకే చిటపటమని అబద్ధం చెప్తుంది. ఇది మెత్తగా నలిగిన గుడ్డ. ఒక పేట పోతే ఇంకా రెండు ఉంటాయి గదా."

సంజమ్మ చూసింది. ఆలోచించింది. వణికే వేళ్ళతో పురి విప్పి ఒక పేట తీసి ఇచ్చింది. రెండు పేటలు మిగిలాయి. ఈరమ్మ ఒత్తి చేసింది. ముంచింది. అంటించింది. అందరూ చెవులొగ్గారు. చిటపట చిటపట చిటపట.

"ఇంకా నీళ్ళున్నాయి" అంది ఈరమ్మ. "రేపు రా."

రెండో రోజు. పొయ్యి, గీత, తెడ్డు. కొండ మీద ఊ... ఊ... ఊ... "తిప్పు తల్లీ తిప్పు. ఆపితే అడుగంటుతుంది. తొందరపడితే మాడుతుంది. తిప్పు తల్లీ తిప్పు." పాల వాసన, వేళ్ళ వాసన, నువ్వుల వాసన కలిసి పెరడంతా కమ్ముకున్నాయి. ఎండ మెత్తగా అయింది. కాకులు కూడా అరవడం మాని గోడ మీద కూర్చున్నాయి. ఆ వాసనకు రుద్రప్ప అరుగు మీద కునికిపాట్లు పడ్డాడు. సంజమ్మ చెయ్యి వణికింది, కానీ తెడ్డు గుండ్రంగా తిరుగుతూ ఉంటే వణుకు కూడా దాంతో పాటు గుండ్రంగా తిరిగింది. ఆ రోజు నూనె తక్కువే ఒలికింది.

"ఈరమ్మా" అంది సంజమ్మ, తెడ్డు ఆపకుండా. "నేను నార తేవడానికి పోలేదు."

ఈరమ్మ కట్టె ఒకటి వెనక్కి లాగి మంట తగ్గించింది.

"బావి గట్టు మీదనే ఉంటి. కన్ను మూతపడింది. ఒక్క రెప్పపాటే. అంతే."

దీపాలు పెట్టే వేళ అయింది. ఈరమ్మ చెయ్యి చాచింది. సంజమ్మ రెండో పేట తీసి ఇచ్చింది. ఒక్క పేట మిగిలింది. పిల్ల గట్టిగా తుమ్మితే తెగేటట్టు ఉంది. ఈరమ్మ ఒత్తి చేసింది. ముంచింది. అంటించింది. అందరూ చెవులొగ్గారు. చిట... పట.

"ఇంకా కాస్త ఉన్నాయి" అంది ఈరమ్మ. "రేపు రా."

మూడో రోజు. మర్నాడే అమావాస్య. హనుమక్క వచ్చి కూర్చుంది, బండి బయటే నిలిపి. నీలి గుడ్డలు మూటకట్టి పక్కన పెట్టుకుంది. కదిరప్ప గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇంత మంది చూస్తున్నారు. గాలి కూడా చూస్తోంది.

"తిప్పు తల్లీ తిప్పు" అంది ఈరమ్మ.

సంజమ్మ తిప్పింది. తిప్పింది. ఎండ గోడ దిగి నేల మీదికి వచ్చింది, నేల మీద నుంచి పొయ్యి మీదికి వచ్చింది. గిన్నెలో నురగ లేచింది. నూనె పాకానికి వచ్చే ముందు అట్లా నురగ కడుతుందట. తెల్లటి నురగ. సంజమ్మ ఆ నురగలోకి చూస్తూ, గిన్నెకు చెప్పినట్టు చెప్పింది.

"రెప్పపాటు కాదు. నేను పండుకున్యా. ఆ గాలి అంత హాయిగా ఉండె. కొంగు మొహం మీద కప్పుకుని పండుకున్యా. నీలి వచ్చి చెయ్యి పట్టి లాగింది. అమ్మా రా, అమ్మా రా అని. నిద్ర చెడుతుందని, పోవే అని విదిలించి కొట్టినా." ఆమె కుడిచెయ్యి చూసుకుంది. "ఈ చేత్తోనే. పోవే అన్యా. పోయింది. పోయి బావిలో పడింది."

హనుమక్క నోరు తెరిచింది. ఏం అనబోయిందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆమె కంటే ముందు ఇంకో గొంతు వినపడింది. నెల రోజులుగా ఎవరూ వినని గొంతు.

"నాకు తెల్సు గదమ్మా" అంది నీలి, బూడిద గీత అవతల నిలబడి. "నేను గూడా ఆడనే ఉంటి గదా."

సంజమ్మ తెడ్డు ఆపబోయింది. "ఆపొద్దు!" అంది ఈరమ్మ. "అడుగంటుతుంది." కాబట్టి సంజమ్మ ఏడుస్తూనే తిప్పింది. తిప్పుతూనే ఏడ్చింది. నీలి గీత దాటకుండా కూర్చుని, నెల రోజుల మాటలన్నీ చెప్పింది. బావిలో నీళ్ళు పచ్చగా ఉన్నాయని. ఒక కప్ప తనను చూసిందని. మేకల అవ్వ జుట్టు లాగినప్పుడు నొప్పి పెట్టిందని. "మాట్లాడితే నువ్వు భయపడి అరుస్తాంటివి. అందుకని మాట్లాడలే" అని.

దీపాలు పెట్టే వేళ అయింది. ఈరమ్మ చెయ్యి చాచలేదు. సంజమ్మే తెడ్డు ఆమెకిచ్చి, తన నడుము నుంచి, పిల్ల నడుము నుంచి ఆఖరి పేట విప్పి, ఒత్తి చేసి ఇచ్చింది. ఈరమ్మ ముంచింది. అంటించింది. అందరూ చెవులొగ్గారు. రుద్రప్ప కూడా చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఏమీ లేదు. ఒత్తి నిటారుగా వెలిగింది. చప్పుడు లేదు.

"అయింది" అంది ఈరమ్మ.

నూనె గోరువెచ్చగా అయ్యేదాకా ఆగారు. ఈరమ్మ తన అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చ చేసుకుంది. ముందు సంజమ్మ మాడు మీద రాసింది. తర్వాత చెవుల దగ్గర. తర్వాత అరికాళ్ళకు. మాడు, చెవులు, అరికాళ్ళు. ఈ మూడు చోట్ల గాలికి కూర్చోవడం ఇష్టమట. చెవిలో చుక్క వేసిందని మా పిన్ని అనేది, చెవుల వెనక రాసిందని అమ్మమ్మ అనేది. మీరు చెవిలో ఏమీ పోసుకోకండి.

రాస్తున్నంతసేపూ ఎవరూ సంజమ్మను ఏమీ అడగలేదు. తగ్గిందా అని అడగలేదు, నిద్ర వస్తోందా అని అడగలేదు. అడగొద్దని ఈరమ్మ వేలు చూపించింది. కొండ మీద గాలి ఊ... అంది. మళ్ళీ ఊ... అంది. మూడోది వినకుండానే సంజమ్మ నిద్రపోయింది. పెరట్లో, చాప మీద, అంతమంది మధ్య. ఎడమ చెయ్యి తెరుచుకుని ఉంది. కుడి చెయ్యి కదలకుండా ఉంది. నీలి తల్లి పక్కన కాసేపు కూర్చుంది. తర్వాత లేచి వీధిలోకి ఆడుకోవడానికి పోయింది.

కదిరప్ప పిల్ల వెనక పోబోయాడు. హనుమక్క అతని చొక్కా పట్టుకుని ఆపింది. "ఉండు. నేను పోయి దూరం నుంచి చూస్తాలే" అంది. పోయే ముందు, తాను కట్టిన గుడ్డల మూట తెచ్చి సంజమ్మ తల కింద పెట్టింది. దిండు బాగా సరిపోయింది.

రుద్రప్ప ఈరమ్మ దగ్గరికి వచ్చి, మెల్లగా అడిగాడు. "ఒసే, తైలంలో నీళ్ళు మూడు రోజులకు ఎట్లాగూ ఇగిరిపోతాయి గదే?"

"ఇగిరిపోతాయి అయ్యా."

"మరి ఆమె చెప్పినా చెప్పకపోయినా మూడో రోజు ఒత్తి చప్పుడు లేకుండానే వెలుగుతుంది గదా?"

"వెలుగుతుంది అయ్యా" అంది ఈరమ్మ, గిన్నె అడుగు తుడుస్తూ. "అయితే ఆమె కూడా మూడు రోజులు పొయ్యి కాడ కూర్చోవాల గదా."

ఆ తర్వాత సంజమ్మ పొద్దున తాళ్ళు పేనేది, మధ్యాహ్నం వచ్చి ఈరమ్మతో పాటు తెడ్డు తిప్పేది. ఎక్కడెక్కడి నుంచో చేతులు వణికేవాళ్ళు, నిద్ర రానివాళ్ళు, గుండె దడవాళ్ళు వచ్చేవాళ్ళు. అందరికీ తెడ్డు ఇచ్చేవాళ్ళు. కొందరికి నయమైంది. కొందరికి కాలేదు. అమ్మమ్మ అది కూడా చెప్పేది, కాబట్టి నేనూ చెప్తున్నాను.

కొన్నేళ్ళకు, ఒక ఆషాఢం తెల్లవారుజామున, ఈరమ్మ పొయ్యి పక్కనే కూర్చుని చనిపోయింది. తెడ్డు ఒళ్ళో ఉంది. ఆ రోజు గాలి ఈల వేయలేదట. కొండ ఒక రోజంతా ఊపిరి బిగబట్టిందట.

ఆమెకు ఎవరూ లేరు. "నా ఇంటి మనిషి" అన్నాడు రుద్రప్ప. "నా తల్లి" అంది సంజమ్మ. తానే కడసారి నూనె పెడతానంది. మాడుకు పెట్టింది. చెవులకు పెట్టింది. అరికాళ్ళ దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

ఈరమ్మ అరికాళ్ళు వాన లేని చేనులాగా నెర్రెలిచ్చి ఉన్నాయి. వేలు దూరేంత పగుళ్ళు. అంతమంది అరికాళ్ళకు నూనె కాచిన మనిషి కాళ్ళకు, అన్నేళ్ళలో, ఒక్కరు ఒక్క చుక్క రాయలేదు. ఎవరికీ తట్టలేదు. సంజమ్మకు కూడా తట్టలేదు. ఆ రోజు ఊరంతా వరస కట్టి, ఒక్కొక్కరు ఒక్కొక్క చుక్క ఆ అరికాళ్ళకు రాశారు. రాసినదంతా తాగేశాయట ఆ కాళ్ళు. ఊరి చివరి మనిషి రాసేసరికి పగుళ్ళు మూసుకుపోయి, చంటిపిల్ల పాదాల్లా మెరిశాయట.

అప్పటి నుంచి ఆ చుట్టుపక్కల ఎవరి తలకు నూనె పెట్టాలన్నా, ముందు ఒక చుక్క నేల మీద వేస్తారు. "ఇది ఈరమ్మ కాలికి" అంటారు. పసిపిల్లకు పెట్టినా, పెళ్ళికూతురికి పెట్టినా మొదటి చుక్క ఈరమ్మ కాలికే. నేను మీకు నూనె పెట్టేటప్పుడు వంటింటి బండ మీద ఒక చుక్క పడేది చూశారు గదా? ఒలికిందనుకుని గుడ్డతో తుడిచేవాళ్ళు. అది ఒలికింది కాదు.

ఇంకొకటి ఉంది. నీలి పెద్దదైంది. తల్లి కంటే గట్టి తాడు పేనేది. ఒకనాడు మూడు కొండల అవతల ఊరికి, మొగుడితో కలిసి తాళ్ళ పని చేసుకోవడానికి బయలుదేరింది. బండి వాకిట్లో ఉంది. సంజమ్మ పిల్లకు నూనె పెట్టింది. మాడుకు, చెవులకు, అరికాళ్ళకు. లోపల గుండె దడదడమంటూనే ఉంది. దాచలేదు. "నాకు భయంగా ఉందే" అని చెప్పింది. చెప్పి, తన చీర కొంగు నుంచి ఒక దారం లాగి, ఒత్తి చేసి, నూనెలో ముంచి, అంటించింది. తల్లీ కూతురూ చెవులొగ్గారు.

చప్పుడు లేదు.

"పోయి రా" అంది సంజమ్మ. రెండు చేతులూ తెరిచి.

ఇప్పటికీ అక్కడ పిల్లలు ఊరు దాటేటప్పుడు తల్లులు కొంగులో దారం తీస్తారు. అందుకే అక్కడి ముసలమ్మల చీరల కొంగులు చివర్లో పీచులు పీచులుగా ఉంటాయి. ఎన్ని పీచులుంటే అంతమంది బిడ్డలు క్షేమంగా ఎక్కడో ఉన్నట్టు. మా అమ్మమ్మ కొంగు అట్లాగే ఉండేది.

పిల్లలూ, నిద్రపోయారా? పోతే పోండి. పోనివాళ్ళు వినండి. మీరు ఒకనాడు గడప దాటుతారు. ఆ రోజు నేను కొంగులో దారం తీస్తుంటే నవ్వకండి. చిటపటమంటే కాసేపు నా పక్కన కూర్చోండి, నేను చెప్పాల్సింది ఏదో ఇంకా చెప్పలేదన్నమాట. చప్పుడు లేకపోతే వెనక్కి చూడకుండా వెళ్ళండి.

వెళ్ళిన చోట ఈ కథ విననివాళ్ళు ఉంటారు. చేతులు వణికేవాళ్ళు ఉంటారు, నిద్ర రానివాళ్ళు ఉంటారు. వాళ్ళకు చెప్పండి. నేను మర్చిపోయిన చోట మర్చిపోయానని చెప్పండి. కానీ మొదటి చుక్క ఎవరి కాలికో, అది మాత్రం మర్చిపోకుండా చెప్పండి.